కొలిమి అవ్వ ఇంటి దాగలి

మా వంటింటి గోడకు గరిటెలు తగిలించే కొక్కేలు నాలుగు ఉన్నాయి. అన్నీ మా నాయిన కొట్టినవే అని ఇంట్లో అందరూ అనుకుంటారు, నాయిన కూడా. కిటికీ పక్కన ఉన్నది మాత్రం ఆయన కొట్టింది కాదు, నేను కొట్టింది. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. డైరీలో రాద్దామని కూర్చున్నప్పుడల్లా, దానికి ముందు జరిగింది కూడా రాయాలి కదా అనిపించేది. ముందు జరిగిందేమిటో నాకే సరిగా అర్థమయ్యేది కాదు. ఇప్పుడు పూర్తిగా అర్థమైందని కూడా అనలేను.

కరోనా బంద్ పెట్టిన ఏడాది మహబూబ్‌నగర్‌లో మా కాలేజీ హాస్టల్ మూసేస్తే ఊరికి వచ్చాను. జడ్చర్ల దగ్గర నాయిన పనిచేసే కంపెనీ కూడా ఆగిపోయింది. ఏళ్ళ తరబడి బాయిలర్ దగ్గర షిఫ్టులు చేసిన మనిషి ఒక్కసారిగా ఇంట్లో ఊరికే కూర్చోవలసి వచ్చింది. కొన్నాళ్ళు మంచం మీద అటూ ఇటూ దొర్లాడు. తర్వాత ఒక పొద్దున పశువుల కొట్టం వెనక ఖాళీ జాగాలో ఒక పాత లారీ బ్రేకు డ్రమ్ము తెచ్చి పెట్టాడు. దాని అడుగున గొట్టం బిగించి, చేత్తో తిప్పే గాలి ఫ్యాను తగిలించాడు. తుమ్మబొగ్గులు పోసి అంటించాడు.

అమ్మ దాన్ని పొయ్యి అనుకుంది. "ఎవరి పెండ్లికి వంటలు?" అని అడిగింది.

"వంటకు కాదు. ఇనుము కాల్చనీకి."

"మనది ఎవుసం జేసుకునేటోళ్ళ ఇల్లు. ఇనుముతోని నీకేం పని?"

నాయిన ఫ్యాను పిడి తిప్పడం మొదలుపెట్టాడు. ఆయనకు కూడా జవాబు తెలియదేమో అని నాకు అనిపించింది. చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి ఊరి కొలిమి దగ్గర కూర్చునేవాడట. కొలిమి పెద్దాయన పట్టుకారు చూపించి తరిమేవాడట. ఆ పెద్దాయన పోయి చాలా ఏళ్ళయింది. ఆయన కొడుకులు హైదరాబాద్‌లో వేరే పనుల్లో ఉన్నారు. ఊరి కొలిమి అప్పటి నుంచీ చల్లగానే ఉంది.

మొదట తయారైనవి కొక్కేలు. సలాక ముక్కను ఎర్రగా కాల్చి, కొసను సన్నగా సాగదీసి, వంచడం. వినడానికి అంతే. మొదటివి పందితోకల్లా వచ్చాయి. గాలి ఫ్యాను తిప్పడం నా పని. ఎడమ చేతిలో పుస్తకం, కుడి చేతిలో ఫ్యాను పిడి. కథ మంచి పట్టులో ఉన్నప్పుడు చెయ్యి వేగంగా తిరిగేదట, బొగ్గు వృథా అవుతోందని నాయిన అరిచేవాడు. కొక్కేల తర్వాత తలుపు గొళ్ళెం, గరిటె కాడ, కూరగాయల కత్తి. తర్వాత పక్క ఇళ్ళవాళ్ళు మొండిబారిన కొడవళ్ళు తేవడం మొదలుపెట్టారు. బంద్ వల్ల జడ్చర్లకు పోయే దారి లేదు, పొలం పని మాత్రం ఆగలేదు.

ఒక మధ్యాహ్నం అన్నం తింటూ నాయిన మెల్లగా అన్నాడు. "గిదే పని జేసుకుంట ఊర్లెనే ఉండిపోతే ఎట్లుంటదంటవ్?"

అమ్మ కూర వడ్డించడం ఆపింది. "గా పట్టాముక్క మీదనా?"

అసలు చిక్కంతా అక్కడే ఉంది. నాయిన కాలిన ఇనుమును పెట్టి కొట్టేది ఒక పాత రైలుపట్టా ముక్క మీద. అది సన్నం. మొద్దుకు కట్టినా ప్రతి దెబ్బకూ ఎగిరేది. చెవులు గింగురుమనేవి. చిన్న వస్తువులు ఎట్లాగో అయ్యేవి కానీ గొడ్డలి, పలుగు తెచ్చినవాళ్ళను వెనక్కి పంపవలసి వచ్చేది. ఊళ్ళో కొలిమి పెట్టి బతకాలంటే దాగలి కావాలి. దాగలి అంటే కమ్మరివాళ్ళు ఇనుము పెట్టి కొట్టే బరువైన దిమ్మె. ఊళ్ళో అది ఒక్కటే ఉంది, ఆ కొలిమి పెద్దాయన ఇంటి ముందర, సగం భూమిలో పాతి. ఆ ఇంట్లో ఆయన భార్య ఒక్కతే ఉంటుంది. ఊరంతా ఆమెను కొలిమి అవ్వ అంటారు. దాగలి దొరికితే నాయిన ఊళ్ళో ఉంటాడు, దొరకకపోతే కంపెనీ పిలిచిన రోజు మళ్ళీ పోతాడు. ఇంట్లో ఎవరూ ఇట్లా విడమరిచి చెప్పలేదు కానీ అందరికీ తెలుసు.

ఆమె ముందు నాయినకు నోరు పెగలదు. చిన్నప్పటి భయం. అందుకని నన్ను పంపాడు. నాకు ఎవరి ముందైనా నోరు పెగలదన్న సంగతి ఆయనకు గుర్తు రాలేదు.

దారి పొడవునా వాక్యాన్ని లోపల చదువుకుంటూ పోయాను. ఆమె వాకిట్లో కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది.

"అవ్వా, మా నాయిన అడిగి రమ్మన్నడు. మీ దాగలి ఇస్తరా అని."

ఆమె తల ఎత్తలేదు. "ఇయ్యాల ఏం వారం బిడ్డా?"

ఫోను తీసి చూశాను. శనివారం. మా దిక్కు శనివారం నాడు ఇనుము కొనరు, ఇంటికి తేరు, ఇమ్మని అడగరు. చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతి. బంద్‌లో వారాలన్నీ ఒకే తీరుగా ఉండి, ఇంట్లో ఒక్కరికీ ఏ వారమో గుర్తు లేదు. ఫోను పట్టుకుని అట్లాగే వెనక్కి వచ్చేశాను.

"ఏమన్నది?" నాయిన ఫ్యాను ఆపి అడిగాడు.

"ఏం వారం అన్నది."

"ఏం వారం?"

"శనివారం."

అమ్మ నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. అరుగు మీద కూర్చున్న చిన్నాయిన, అంటే నాయిన తమ్ముడు, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. "ఇనుము పని జేస్తనంటడు, శనివారం ఎరుకలేదు. నీకు దాగలి ఎట్లిస్తదన్నా ఆమె?"

ఆ రోజంతా ఇంట్లో ఒకటే చర్చ. ఇంకో వారం రమ్మన్నట్టా, ఇక రావద్దన్నట్టా? నవ్విందా అని అమ్మ అడిగింది. తల ఎత్తలేదని చెప్పాను. అయితే కోపమే అన్నది. కోపమైతే బిడ్డా అని ఎందుకంటది అన్నాడు నాయిన. ఎంత పెద్ద నవలైనా ఏ పాత్ర ఏమనుకుంటోందో నాకు తెలిసిపోయేది. ఈ ఒక్క ముక్క మాత్రం ఎన్నిసార్లు తిరగేసినా తెలియలేదు.

సోమవారం మళ్ళీ పంపారు. నేను నోరు తెరవకముందే ఆమె అన్నది. "మీ నాయినను ఒక ఉట్టి కొక్కెం జేసి పంపుమను."

నాయిన పొద్దంతా కూర్చుని చేశాడు. ఒకటి కొట్టి పారేసి, ఇంకొకటి కొట్టి, కాసింత నూనె పూసి ఇచ్చాడు. తీసుకుపోయి చేతికి ఇవ్వబోతే ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. "కింద పెట్టు." పెట్టాను. అప్పుడు తీసుకుంది. దాగలి మీద ఒకసారి టంగుమని తట్టి, చప్పుడు విని, కిటికీలో పెట్టింది. బాగుందనీ లేదు, బాగా లేదనీ లేదు. "ఈసారి మేకలదొడ్డికి గొళ్ళెం పంపుమను" అన్నది.

ఆమెకు మేకలు లేవు. దొడ్డి గోడ కూలి ఎన్నాళ్ళయిందో. ఉట్టి కూడా ఇంట్లో కనబడలేదు. నాయిన మాత్రం గొళ్ళెం చేశాడు. దాన్నీ కింద పెట్టించుకుని, తట్టి చూసి, కిటికీలో కొక్కెం పక్కన పెట్టింది.

"పరీక్ష పెడ్తాందా?" అన్నాడు నాయిన.

"పరీక్ష లేదు, ఏం లేదు. ఉత్తగ దొరికినవ్ గదా అని పని జేయించుకుంటాంది" అన్నాడు చిన్నాయిన. "ఇగ సూడు, వచ్చేసారి రైలింజనుకు చక్రం అడుగుతది."

అమ్మ ఒప్పుకోలేదు. "ఒక్కతే ఉంటది. గీ పిల్ల పోతే మనిషి మొకం సూసినట్టుంటది. గంతే."

మూడు మాటలూ నిజమే కావచ్చనిపించేది. లేదా మూడూ కాకపోవచ్చు.

తర్వాత ఆమె పాతాళగరిగె అడిగింది. బావిలో పడిన బొక్కెనను పైకి తీయడానికి తాడుకు కట్టి దింపే కొక్కేల గుత్తి అది. ఒకే కడియానికి నాలుగు కొక్కేలు అతకాలి. చిన్నాయిన ఈసారి నవ్వలేదు, నిజంగానే అయోమయంలో పడ్డాడు. "ఆమె బావిల నీళ్ళు లేవు. బొక్కెన లేదు. పాతాళగరిగె ఏం జేసుకుంటదే?"

నాయిన రెండు రోజులు తిప్పలు పడ్డాడు. ఇనుము అతకాలంటే బాగా కాగిన రెండు ముక్కలను కదలకుండా పెట్టి గట్టిగా కొట్టాలి. పట్టా ఎగిరినప్పుడల్లా ముక్క జారేది. చివరికి నాలుగూ నిలిచాయనుకున్నాడు. నేను తీసుకుపోయి కింద పెట్టాను. ఆమె దాగలి మీద తట్టగానే ఒక కొక్కెం ఊడి పడింది.

నాకు భూమిలోకి పోవాలనిపించింది. ఆమె మాత్రం ఆ ఊడిన ముక్కను చాలాసేపు తిప్పి తిప్పి చూసింది. లోపలికి పోయి ఊదుగొట్టం, గిన్నెలో కాసిన్ని బొగ్గులు, పొయ్యిలోని నిప్పు తెచ్చింది. తోలు తిత్తి చిరిగిపోయిన పాత కొలిమి గుంటలో బొగ్గులు పోసి, వంటింటి ఊదుగొట్టంతోనే ఊదడం మొదలుపెట్టింది. ముక్క ఎర్రబడ్డాక పట్టుకారుతో తీసి దాగలి మీద పెట్టి, సుత్తి వైపు గడ్డం ఊపింది.

"కొట్టు."

"నాకు రాదవ్వా."

"రాదనే కొట్టుమంటున్న. వచ్చేదుంటే నేను జెప్పేదాకా ఎందుకాగుదువు?"

కొట్టాను. మొదటి దెబ్బ ఇనుము మీద కాక దాగలి మీద పడింది.

"దాన్నెందుకు కొడ్తవ్? అది నిన్నేమన్నది?"

రెండోది ముక్క మీద పడింది. పట్టా మీది దెబ్బ మోచేతి దాకా తిరిగి రావడం నాకు తెలుసు, నాయిన రోజూ మోచెయ్యి నొక్కుకునేవాడు. ఇక్కడ అట్లా లేదు. దెబ్బ కిందికి దిగిపోయింది, సుత్తి తనంతట తానే పైకి లేచింది. ఆమె ముక్కను తిప్పుతోంది, నేను కొడుతున్నాను. మధ్యలో ఒకసారి, "ఆయన పట్టుకారు పట్టేటోడు, నేను సమ్మెట కొట్టేదాన్ని" అన్నది. నాతో అన్నదో, ఎవరితో అన్నదో. కొస వంగి కొక్కెం తయారయ్యాక నీళ్ళలో ముంచి నేల మీద పెట్టింది. "పట్కపో."

ఇంటికి వచ్చి ఏమీ చెప్పలేకపోయాను. నాయిన ఇన్నాళ్ళుగా ఆశపడుతున్న దాగలిని ఆయన ముట్టుకోనేలేదు. నేను దాని మీద పని చేసి వచ్చాను. ఎట్లా చెప్పడం? కొక్కేన్ని ఆయన చేసిన కొక్కేల కుప్పలో వేశాను. గరిగె ఊడిందని మాత్రం చెప్పాను. తర్వాత వంటింట్లో కొక్కేలు బిగిస్తూ ఆయన దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. "గిది ఎప్పుడు కొట్టిన్నో యాదికి లేదు. మంచిగనే వచ్చింది" అన్నాడు. నేను మేకులు అందిస్తూ నిలబడ్డాను.

బంద్ ఎత్తేశారు. కంపెనీ నుంచి ఫోను వచ్చింది, సోమవారం నుంచి రమ్మని. నాయిన వస్తానని చెప్పాడు. కొలిమిలోని బూడిద ఎత్తి ఎరువుకుప్ప మీద పోశాడు. గరిగె ఊడిందంటే ఆమె జవాబు తేలిపోయినట్టే అని ఆయన లెక్క.

ఆ వారంలోనే ఒక పొద్దున అమ్మ పాలు పోసి వస్తూ చెప్పింది. "కొలిమి అవ్వ దాగలిని తవ్విపిచ్చి బజాట్ల పెట్టిచ్చింది. గోడకు ఆనిచ్చి ఉన్నది."

నాయిన చేతిలోని చాయ గ్లాసు కింద పెట్టాడు. "కొడుకులు పాత సామాన్లోనికి అమ్ముతున్నట్టుంది."

"పోయి సూడరాదు?"

"ఏం సూడాలె?"

ఆయన ఆ బజారున పోవడమే మానేశాడు. నేను పోయాను, దూరం నుంచి. నిజంగానే ఉంది. మట్టి కడిగి, పసుపు పూసి ఉంది. అమ్మేదానికి పసుపు ఎందుకు పూశారని అనుకున్నాను. మళ్ళీ, పోయేదానికి కూడా పూస్తారు కదా అనుకున్నాను. ఆమె అరుగు మీద నుంచి నన్ను చూసింది. పిలవలేదు. నేను తల దించుకుని వచ్చేశాను. వాన పడి పసుపు కొంచెం కారింది. ఎవరిదో మేకపిల్ల దాని మీదికెక్కి నిలబడింది.

శుక్రవారం మధ్యాహ్నం చిన్నాయిన కొత్త కబురు తెచ్చాడు. పాత సామాన్లు కొనే ట్రాలీవాడు దాగలి దగ్గర ఆగి అడిగితే, కొలిమి అవ్వ అతన్ని నానా తిట్లు తిట్టి ఊరి బయటిదాకా సాగనంపిందట.

"అమ్మకపోతే మరి బజాట్ల ఎందుకు పెట్టింది?" అన్నాడు నాయిన.

అమ్మ ఉల్లిగడ్డలు కోయడానికి కత్తి అడిగింది. అందించాను. "చేతికిస్తవేంది, కింద పెట్టు" అని విసుక్కుంది. కింద పెట్టాను. ఆమె వంగి కత్తి తీసుకుని, కొయ్యకుండా అట్లాగే కూర్చుంది.

"గామె కూడ గిట్లనే పెట్టిందేమో" అన్నది.

"ఎట్ల?"

"ఇనుము గదా. చేతికిస్తదా? కింద పెట్టింది. మనమే తీస్తలేము."

నాయిన నమ్మలేదు. "ఇచ్చేదుంటే నోటితోని చెప్పొచ్చు గదా. పిల్ల దినాం పోతుండె."

"చెప్పే మనిషేనా ఆమె? శనివారం అని కూడ చెప్పలే, ఏం వారం అని అడిగింది."

"మనం గిట్లనుకొని పోతే, ఆమె ఎవరిది ఎత్తుకపోతున్నవ్ రా అంటే?"

"అంటే దింపుదువు" అన్నాడు చిన్నాయిన. "ఇయ్యాల శుక్రారం. రేపు ముట్టరాదు. ఎల్లుండి దాకా ఉంచితే మల్ల వాన పడ్తది. సోమారం నీ డూటీ. ఎప్పుడు పోతవో నువ్వే జెప్పు."

పొద్దు గూకకముందే తాళ్ళు, గడ్డపార పట్టుకుని బయలుదేరాం. ఆమె అరుగు మీద చిక్కుడుకాయలు తుంచుతోంది. నాయిన బజాట్లో నిలబడి గొంతు సవరించుకున్నాడు. "అవ్వా, గీ దాగలి..." అని ఆగిపోయాడు. ఆమె చిక్కుడుకాయల చాట పట్టుకుని అటు తిరిగి కూర్చుంది. వీపు మా వైపు ఉంది.

నాయిన అమ్మ ముఖం చూశాడు. అమ్మ చిన్నాయిన ముఖం చూసింది. తిట్టిందీ లేదు, తీసుకొమ్మన్నదీ లేదు. ఇవ్వడం ఇష్టం లేక తిరిగిందా, ఇచ్చేది కళ్ళతో చూడలేక తిరిగిందా, ఇచ్చేవాళ్ళు చూడకూడదని అట్లా తిరగడం వాళ్ళ ఇంటి పద్ధతా, అక్కడున్న ఒక్కరికీ తెలియలేదు. చివరికి నాయిన తువ్వాల తీసి నడుముకు కట్టుకుని వంగాడు. తాడు దాగలి కిందినుంచి దూర్చాడు. కొలిమి అవ్వ చిక్కుడుకాయలు తుంచే చప్పుడు ఆగలేదు.

సోమవారం నాయిన డ్యూటీకి పోలేదు. తర్వాత కొన్నాళ్ళకే పెద్దకొడుకు వచ్చి ఆమెను హైదరాబాద్ తీసుకుపోయాడు. ఆ రోజు నేను పరీక్ష రాయడానికి మహబూబ్‌నగర్ పోయాను, వచ్చేసరికి ఇంటికి తాళం ఉంది. ఆ దాగలిని నాయినకు ఇచ్చిందా, పాత సామాన్ల పాలు కాకుండా ఎక్కడో ఒకచోట ఉంటే చాలనుకుందా, లేక ఇంకేదైనా మనసులో ఉందా, అడగడానికి మనిషి లేదు. ఎదురుగా ఉంటే మాత్రం నేను అడిగేదాన్నా అంటే, అదీ తెలియదు. ఫోనులో నాయిన పలకరిస్తే బాగున్న అంటుందట, దాగలి ఊసు ఎత్తదట. నాతో ఎన్నడూ మాట్లాడలేదు.

ఆ శుక్రవారం నాయిన, చిన్నాయిన చెరో పక్క తాడు పట్టి లేపబోతే దాగలి జానెడు లేచి మళ్ళీ కూలబడింది. అమ్మ గడ్డపార పెట్టి ఎగదోస్తోంది. నేను మామూలుగా గోడ పక్కన, ఎవరికీ అడ్డం రాకుండా నిలబడి ఉన్నాను. అప్పుడు కొలిమి అవ్వ వెనక్కి తిరగకుండానే, చాటలోకి చూస్తూనే అన్నది.

"గోడ పడిపోతదని పట్టుకున్నవా పిల్లా? పో, నువ్వొక చెయ్యి వెయ్యి."